రిఫర్ చీటీలో ఏం రాసి ఉంది? ఆసుపత్రులు బాగుపడటం గురించి ఒక పాత లేబర్ రూమ్ సిస్టర్ జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా చూసేవాళ్ల కోసం దాన్ని నాలుగు ముక్కల్లో చెబుతాను. మీది ఒడిశాలో వంశధార పక్క ఊరు. కిందటి నెల మీ వదినకి రాత్రిపూట నొప్పులొస్తే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి నుంచి ఇంకో చోటికి పంపారు, అక్కడి నుంచి ఆంధ్రా వైపు పంపారు. మూడో చోట ఆపరేషన్ చేశారు. వదిన బతికింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మీ ఊళ్లో రెండు వర్గాలయ్యాయి. ఆసుపత్రిని ప్రైవేటు వాళ్లకి అప్పజెప్పాలని ఒకళ్లు అంటున్నారు. మరణాల లెక్క చూసి ఆసుపత్రులకి ర్యాంకులు ఇవ్వాలి, ఎక్కువ మంది పోయిన చోట డాక్టర్లనీ నర్సులనీ సస్పెండ్ చెయ్యాలి అని ఇంకొకళ్లు అంటున్నారు. "ఇన్నేళ్లు లోపలే పనిచేశారు, మీరేమంటారు?" అని అడిగావు.

బిడ్డ సంగతి చదివినప్పుడు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. మీ అన్నకీ వదినకీ నా మాటగా చెప్పు, వాళ్లు చేసిన తప్పేమీ లేదు. టైముకే బయల్దేరారు. తొమ్మిది నెలలూ చూపించుకున్నారు. చెయ్యాల్సిందంతా చేశారు.

నేను రాయగడలోనే పుట్టాను, నాన్నది రైల్వే ఉద్యోగం. స్టాఫ్ నర్సుగా చేరి రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం లేబర్ రూమ్‌లోనే గడిచింది. ఇంట్లో తెలుగు, డ్యూటీలో ఒడియా, మంచం పక్కన కువి, సవర అనే గిరిజన భాషల మాటలు కొన్ని. డాక్టర్లు మారుతూ ఉండేవారు, మేం మాత్రం అక్కడే ఉండేవాళ్లం. అందుకే కొన్ని సంగతులు మాకే ఎక్కువ కనిపిస్తాయి.

మీ రెండో వర్గం మాట ముందు తీసుకుంటాను. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అమల్లో పెడితే మాత్రం మీ వదినలాంటి వాళ్లకే ఎక్కువ కీడు జరుగుతుంది.

మరణాల లెక్క ఎలా పడుతుందో చూడు. ఊపిరి ఎక్కడ ఆగితే ఆ ఆసుపత్రి రిజిస్టర్‌లో రాస్తారు. మీ వదిన వెళ్లిన మొదటి ఆసుపత్రి రిజిస్టర్‌లో ఏముంటుందో చూడకుండానే చెప్పగలను. తల్లి పేరు, ఊరు, వచ్చిన టైము, చివరి గడిలో "రిఫర్డ్", అంటే పై ఆసుపత్రికి పంపాం, అనే ఒక్క ముక్క. రెండో చోటా అంతే. బిడ్డ పోయింది మూడో చోట, వేరే రాష్ట్రంలో. అంటే మన జిల్లా కాగితాల్లో ఆ రాత్రి ఏ బిడ్డా పోలేదు. మూడో ఆసుపత్రి కాగితాల్లో మాత్రం "బయటి నుంచి వచ్చిన కేసు" అని ఉంటుంది, వాళ్లు దాన్ని తమదిగా అనుకోరు. రెండు రాష్ట్రాల మధ్య ఆ బిడ్డ ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది. నేను చేసిన జిల్లాల్లో ఇలాంటివి ఎన్నో చూశాను. విశాఖ కేజీహెచ్‌కో, బరంపురం మెడికల్ కాలేజీకో పంపిన వాళ్లు ఏమయ్యారో మాకు తెలిసేది ఎలాగో తెలుసా? మళ్లీ ఏ సంతలోనో వాళ్ల ఊరి ఆశా దీది కనపడితే చెప్పేది. ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి కబురు వచ్చే దారే లేదు.

ఇప్పుడు దాని మీద ర్యాంకులు, సస్పెన్షన్లు పెట్టారనుకో. రాత్రి రెండింటికి ఒక్కడే డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఏం చేస్తాడు? కాస్త తేడాగా కనిపించిన ప్రతి మనిషినీ అంబులెన్స్ ఎక్కిస్తాడు. రక్తపోటు దించి పంపాలా, ఇంజెక్షన్ ఇచ్చి పంపాలా, అక్కడ డాక్టరున్నాడో లేడో ఫోన్ చేసి పంపాలా అని ఆగడు. ఆగిన అరగంటలో ఆమెకి ఏమన్నా అయితే అది అతని రిజిస్టర్‌లో పడుతుంది. దారిలో అయితే పడదు. అలా చేసేవాడు చెడ్డవాడని నేను అనను, భయపడ్డవాడు అంటాను. భయం ఎక్కువైన కొద్దీ ఘాట్ రోడ్డు మీద చావులు పెరుగుతాయి, రిజిస్టర్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి.

ఇదే సంగతి అవతలి చివర నుంచి చూడాలంటే మహారాష్ట్ర సరిహద్దులో నాందేడ్‌ని గుర్తు తెచ్చుకో. దేగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు మన తెలుగువాళ్లకి కూడా పెద్ద దిక్కు అదే. 2023 అక్టోబరు మొదట్లో అక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో 48 గంటల్లో 31 మంది పోయారు, అందులో సగం మంది పిల్లలు. మందుల్లేవని, సిబ్బంది లేరని దేశమంతా గొడవైంది. గొడవ కావాల్సిందే. చాలామందిని చివరి దశలో వేరే చోట్ల నుంచి తెచ్చారని ఆసుపత్రి వాళ్లు చెప్పారు. అది సాకు అని చాలామంది కొట్టిపారేశారు. నా అనుభవంలో ఆ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఆ పిల్లల్లో ఎవరు ఏ ఆసుపత్రి నుంచి, ఎన్నింటికి, ఏ స్థితిలో బయల్దేరారు అన్న పట్టిక ఒకటి జనం ముందు పెట్టి ఉంటే తప్పు ఎక్కడెక్కడ ఎంతెంత ఉందో తేలేది. అలాంటి పట్టిక నాకు ఎక్కడా కనపడలేదు. ఎక్కువమంది చివరి గదినే చూశారు.

రిఫర్ దగ్గర ఏం జరుగుతుందో ఒక రాత్రి సంగతి చెబుతాను. ఆసుపత్రి పేరు వద్దులే. అప్పుడు నేను పెద్ద ఆసుపత్రిలో ఉన్నాను, అంటే పంపించే చోట కాదు, వచ్చే చోట. పందొమ్మిది ఇరవై ఏళ్ల సవర పిల్ల, మొదటి కాన్పు. ఇంటి దగ్గర ఫిట్స్ వచ్చాయి. కొండ మీద నుంచి చిన్న ఆసుపత్రికి, అక్కడి నుంచి మా దగ్గరకి. పిల్ల మత్తుగా ఉంది, పిలిస్తే మూలుగుతోంది. గర్భంతో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ఈ జబ్బుకి మందు మెగ్నీషియం సల్ఫేట్. మొదటి డోసు మొత్తం 14 గ్రాములు: నరంలోకి 4, రెండు పిరుదుల్లోకి అయిదేసి చొప్పున 10. ఇవ్వకపోతే మళ్లీ ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. ఇచ్చిన మనిషికి తెలియక మళ్లీ అంతా ఇస్తే ఊపిరి ఆగిపోవచ్చు. చీటీ మీద ఏముందంటే, "హై బీపీ విత్ ఫిట్స్, రిఫర్ టు హయ్యర్ సెంటర్". మందు ఇచ్చారా లేదా, ఇస్తే ఎన్నింటికి, ఒక్క అక్షరం లేదు. కూడా వచ్చిన అత్తగారికి సవర తప్ప ఏదీ రాదు. చిన్న ఆసుపత్రి ఫోను ఎత్తడం లేదు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. మేమిద్దరం ఆ పిల్లని పక్కకి తిప్పి టార్చి వేసి పిరుదుల మీద సూది గుర్తుల కోసం వెతికాం. కుడి వైపు ఒక దూది ముక్క ఎండిన రక్తంతో అంటుకుని ఉంది. ఎడమ వైపు ఏమీ కనపడలేదు. అంటే సగం డోసు ఇచ్చారా? రెండో వైపు దూది రాలిపోయిందా? ఇచ్చింది ఆ మందేనా, ఇంకేదన్నానా? డాక్టరమ్మ అరచేయి అంచుతో మోకాలి కింద కొట్టి చూసింది. కాలు కాస్త ఎగిరింది, అంటే ఒంట్లో ఆ మందు మరీ ఎక్కువ కాలేదు. నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో నేను లెక్కపెట్టాను. మూత్రం గొట్టం వేసి సంచి వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత జాగ్రత్తగా కొంచెం మందు ఇచ్చారు, విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ సిరంజిలో పక్కనే పెట్టుకుని. పిల్ల బతికింది, బిడ్డా బతికాడు. కానీ చదువుకున్న మనుషులం ఒక ఆడపిల్ల ఒంటి మీద దూది ముక్కలు వెతికి వైద్యం నిర్ణయించుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది.

ఆ చిన్న ఆసుపత్రిలో మందు లేకపోలేదు, నర్సు లేకపోలేదు. ఆమె మందు ఇచ్చింది కూడా, తర్వాత ఫోన్లో చెప్పింది, రెండు వైపులా పూర్తిగా. రాయడానికి మాత్రం టైము లేదు. ఒక్కతే ఉంది, వెనకాల ఇంకో కాన్పు నడుస్తోంది, అంబులెన్స్ హారన్ కొడుతోంది. అప్పటి నుంచి నేను చేసిన ప్రతి చోటా ఒక అలవాటు పెట్టించాను. మందు ఇచ్చిన వెంటనే వెడల్పు ప్లాస్టర్ ముక్క కత్తిరించి, దాని మీద బాల్‌పెన్‌తో మందు పేరు, డోసు, టైము రాసి మనిషి ముంజేతికి అంటించడం. కాగితం పోవచ్చు, చేయి పోదు కదా. రూపాయి ఖర్చు లేని పని. కొత్తగా వచ్చిన అమ్మాయిలకి రెండు వారాల్లో అలవాటైంది.

లక్ష్యాలు, అంకెలు పెట్టి ఆసుపత్రులను పరుగెత్తించడం గురించి ఇంకో రెండు సంగతులు చెప్పాలి, ఎందుకంటే ఇది మన దగ్గరే కాదు, ప్రపంచమంతా నడుస్తున్న వాదం. ఇంగ్లండ్‌లో అత్యవసర విభాగానికి వచ్చిన మనిషిని 4 గంటల్లో చూసి తేల్చాలని లక్ష్యం పెట్టారు. మిడ్ స్టాఫర్డ్‌షైర్ అనే చోట ఆసుపత్రి యాజమాన్యం ఆ లక్ష్యాల వెంట, డబ్బు పొదుపు వెంట పడి మనుషులను వదిలేసింది. 2013లో వచ్చిన విచారణ నివేదిక అదంతా బయటపెట్టింది. అక్కడ పనిచేసిన నర్సు ఒకామె, టైములు మార్చి రాయమని తమ మీద ఒత్తిడి పెట్టేవారని విచారణలో చెప్పింది. అంత డబ్బున్న దేశంలో, అంత చదువుకున్న మనుషులు. మన పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో 2014 నవంబరులో ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. బిలాస్‌పూర్ దగ్గర కుటుంబ నియంత్రణ క్యాంపులో ఒక్క సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. ఆ క్యాంపుల్లో 13 మంది ఆడవాళ్లు పోయారు. 2016లో సుప్రీంకోర్టు అలాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపేయాలని చెప్పింది. అంకె కోసం పనిచేస్తే అంకె వస్తుంది. ఆ అంకె కింద ఎవరున్నారన్నది ఎవరికీ పట్టదు.

మా లేబర్ రూమ్‌లో పార్టోగ్రాఫ్ అని ఒక కాగితం ఉంటుంది. కాన్పు ఎలా సాగుతోందో గంట గంటకీ చుక్కలు పెట్టి గీత గీయాలి. గీత కుడి వైపుకి వాలితే ప్రమాదం వస్తోందని ముందే తెలుస్తుంది. అది ఎన్ని కేసులకి నింపారో పై నుంచి అడగడం మొదలుపెట్టాక ఏమైందంటే, నూటికి నూరూ నిండాయి. చూస్తే ఆరు గంటల చుక్కలన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటాయి. కాన్పు అయిపోయాక కూర్చుని నింపినవి. తనిఖీకి వచ్చినవాళ్లు నిండిన కాగితాలు లెక్కపెట్టుకుని వెళ్లేవారు. పది కాగితాలు తీసి సిరా చూస్తే చాలు, అసలు సంగతి తెలిసిపోయేది.

చెక్‌లిస్టుల మీద కూడా ఇలాంటి వాదమే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ కోసం 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. మనిషి పేరు, ఆపరేషన్ ఏ వైపు, రక్తం సిద్ధంగా ఉందా, దూది గుడ్డలు లెక్క సరిపోయిందా, ఇలాంటివి గట్టిగా పైకి చదివి అందరూ సరే అనుకోవాలి. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో పెట్టి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. దాంతో అందరూ ఎగబడ్డారు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం అన్ని ఆసుపత్రుల్లో తప్పనిసరి చేసింది. 101 ఆసుపత్రుల లెక్కలు తీసి చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదని 2014లో తేలింది. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లో కాన్పుల చెక్‌లిస్టు మీద చాలా పెద్ద అధ్యయనం జరిగింది. 120 ఆసుపత్రులు, లక్షన్నరకు పైగా కాన్పులు. పక్కన నిలబడి నేర్పించే మనుషులను కూడా పెట్టారు. చేతులు కడుక్కోవడం, టైముకి ఇంజెక్షన్ ఇవ్వడం లాంటివి బాగా పెరిగాయి. తల్లీబిడ్డల మరణాలు మాత్రం తగ్గలేదు. 2017లో ఆ ఫలితం వచ్చినప్పుడు నాకు చాలా రోజులు మనసు బాగాలేదు, ఎందుకంటే నేనూ చెక్‌లిస్టులను నమ్మినదాన్నే. ఇప్పటికీ నమ్ముతాను. కానీ చెక్‌లిస్టు ఉన్నదాన్ని గుర్తు చేస్తుందే గానీ లేనిదాన్ని తెచ్చిపెట్టదు. రక్తం లేకపోతే, మత్తు డాక్టరు లేకపోతే, పై ఆసుపత్రికి చేరే దారి లేకపోతే టిక్కులు పెట్టి ఏం లాభం?

"లేకపోవడం" అన్నాను కదా, దాంట్లో ఇంకో రకం ఉంది. ఉండి కూడా లేకపోవడం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తెల్లవారుజామున బిడ్డ పుట్టి ఏడవలేదు. పుట్టిన మొదటి నిమిషంలోనే సంచీ, మాస్కుతో ఊపిరి ఇవ్వాలి. సంచీ ట్రేలో ఉంది. నెలలు నిండని బిడ్డకి సరిపోయే చిన్న మాస్కు, సైజు 0, ట్రేలో లేదు. బీరువాలో ఉంది. అద్దం లోంచి కనిపిస్తోంది. బీరువాకి తాళం. తాళంచెవి ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గర, ఆవిడ సెలవులో ఉంది. పెద్ద మాస్కుని మొహం మీద నొక్కి పట్టుకుని ఊపిరి ఇచ్చాను, పక్కల నుంచి గాలి పోతూనే ఉంది. ఆయా ఇటుక తెచ్చి అద్దం పగలగొట్టింది. బిడ్డ చివరికి ఏడ్చాడు.

మర్నాడు ఏం జరిగిందో చెప్పనా? పగిలిన అద్దానికి సంజాయిషీ అడిగారు, నన్నూ ఆయానీ. మాస్కు బీరువాలో ఎందుకుందని ఎవరూ అడగలేదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ మీద నాకు అప్పుడు చాలా కోపం వచ్చింది. తర్వాత నేనే ఇన్‌ఛార్జ్ అయ్యాక అర్థమైంది. ఆడిట్‌లో ఒక్క వస్తువు తగ్గితే మన జీతంలోంచి కోస్తారు. వాడి పాడైనా, పోయినా ఒకటే. అందుకే అందరూ తాళం వేస్తారు. నేను ఆ మాట సూపరింటెండెంటు గారితో గట్టిగా వాదించి, ఎమర్జెన్సీ ట్రేలో వస్తువులు పోతే జీతంలో కోత ఉండదని రాతపూర్వకంగా తెచ్చుకున్నాను. ఆ ఒక్క కాగితంతో మా వార్డులో తాళాలు ఊడిపోయాయి. కొత్త బిల్డింగు కట్టినా, కొత్త మెషీన్లు తెచ్చినా ఇంత మార్పు నేను చూడలేదు.

ఆ ఆయాని మెచ్చుకుని ఉంటే అందరూ మాట్లాడేవారు. సంజాయిషీ అడిగారు కాబట్టి ఆ తర్వాత అక్కడ ఏ పొరపాటు జరిగినా ఎవరూ నోరు విప్పలేదు. సస్పెండ్ చెయ్యాలి అనే మీ కుర్రాళ్లకి ఇది చెప్పు. తాగి డ్యూటీకి వచ్చినవాణ్ణి, డబ్బడిగినవాణ్ణి, పిలిచినా రానివాణ్ణి తప్పకుండా శిక్షించాల్సిందే, అందులో నేను వెనక్కి తగ్గను. కానీ పని చేస్తూ పొరపాటు పడ్డ మనిషి దాన్ని మర్నాడు ఉదయం మీటింగులో పైకి చెప్పగలగాలి. చెప్పకపోతే అదే పొరపాటు వచ్చే నెల ఇంకో అమ్మాయి చేతిలో జరుగుతుంది.

ఇక మొదటి వర్గం మాట, ప్రైవేటు. నాకు దీని మీద పట్టుదల ఏమీ లేదు. మంచి ప్రైవేటు ఆసుపత్రులు చూశాను, మిషన్ ఆసుపత్రుల్లో ప్రాణం పెట్టి పనిచేసేవాళ్లని చూశాను. ఒడిశాలో 2018లో బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు పథకం కలిపి వచ్చాయి. ఏడాదికి కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. వేరే రాష్ట్రంలో ఆ పథకంలో ఉన్న ఆసుపత్రిలోనూ వాడుకోవచ్చు. విశాఖకో శ్రీకాకుళానికో పరుగెత్తే మనలాంటి సరిహద్దు వాళ్లకి ఇది నిజమైన మేలు. పొలం అమ్మకుండా గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. మీ ఇంట్లో కార్డు ఇంకా తీసుకోకపోతే ఈ వారమే తీసుకోండి.

కానీ కార్డు దేనికి డబ్బిస్తుంది? చేసిన ఆపరేషన్‌కీ, చేర్చుకుని చేసిన వైద్యానికీ ఇస్తుంది. గంట గంటకీ బీపీ చూసి ఆపరేషన్ అవసరం రాకుండా కాపాడిన నర్సు పనికి విడిగా ప్యాకేజీ ఉన్నట్టు నేను చూడలేదు. దేనికి డబ్బిస్తే అది పెరుగుతుంది. అవసరం లేకుండా ఆడవాళ్ల గర్భసంచులు తీసేస్తున్నారని కొన్ని రాష్ట్రాల నుంచి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2023లో కోర్టు అన్ని రాష్ట్రాలూ దీని మీద నియమాలు అమలు చెయ్యాలని ఆదేశించింది. మన వైపు కూడా ముప్పై అయిదు ఏళ్లకే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఎందుకు తీశారని అడిగితే "పుండు ఉందన్నారు" అంటారు. ఇక రాత్రి రెండింటికి ఫిట్స్‌తో వచ్చిన సవర పిల్లని ఏ లాభం చూసి చేర్చుకుంటారు? ప్రైవేటు వాళ్లకి అప్పజెప్పినా వాళ్లూ రిఫర్ చేస్తారు, కాకపోతే ఇంకా తొందరగా. ఒప్పందంలో "మీరు పంపించిన మనిషి ఏమైందో కూడా మీ లెక్కే" అని రాయించగలిగితే అప్పుడు మాట్లాడదాం. అది రాయించగలిగితే ప్రభుత్వ ఆసుపత్రికీ అదే రాయించవచ్చు.

నా కళ్ల ముందు పనిచేసిన మార్పు ఒకటి చెప్పమంటే "మా గృహ" చెబుతాను. కొండ ఊళ్ల గర్భిణులు కాన్పు తేదీకి కొన్ని రోజుల ముందే వచ్చి ఉండే ఇళ్లు, ఆసుపత్రికి దగ్గరలో. ఒడిశాలో మారుమూల ప్రాంతాల కోసం పెట్టారు. మొదట్లో ఎవరూ వచ్చేవారు కాదు. ఇంట్లో పెద్ద పిల్లల్ని ఎవరు చూస్తారు, అక్కడి తిండి పడదు అనేవారు. ఒక చోట వంటకి వాళ్ల ఊరి ఆవిడనే పెట్టారు, అంబలి కాచి పెట్టేది, వాళ్ల భాషలో మాట్లాడేది. ఆ తర్వాత చోటు సరిపోయేది కాదు. వర్షాకాలంలో వాగు పొంగితే మంచం మీద మోసుకొచ్చిన కేసులు ఆ ఏడు నుంచి బాగా తగ్గాయి. రిఫర్ గొలుసులో ఒక మెట్టే తీసేసింది అది. పేపర్లలో దీని గురించి పెద్దగా రాయరు.

సరే, మీరు ఇప్పుడు ఏం చెయ్యాలి. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికీ రోగి కల్యాణ్ సమితి అని, దాని బాగోగులు చూసే కమిటీ ఉంటుంది. మీ వార్డు మెంబరు ద్వారానో, నేరుగానో ఆ మీటింగుకి వెళ్లండి. ర్యాంకులు అడగొద్దు. మూడు నెలల్లో ఎంతమందిని రిఫర్ చేశారు, వాళ్లలో ఎంతమంది బతికారు అని అడగండి. మొదటి అంకె వాళ్ల దగ్గర ఉంటుంది. రెండోది ఉండదు. అది తెలుసుకోవడానికి ఒక మనిషి, ఒక ఫోను చాలు. రిఫర్ చేసిన ప్రతి కేసుకీ మూడో రోజు, ఏడో రోజు ఆశా దీదికి ఫోన్ చేసి ఒక నోటు పుస్తకంలో రాయడం. నేను ఒక చోట ఆర్నెల్లు అలా రాయించాను. ఏ మందు ఇవ్వకుండా పంపడం వల్ల ఎక్కువ నష్టం జరుగుతోందో, ఏ రోజుల్లో మత్తు డాక్టరు లేక పంపిస్తున్నామో ఆ నోటు పుస్తకంలో మాకే కనపడింది. దాన్ని చూపిస్తే పై అధికారులు వారానికి రెండు రోజులు మత్తు డాక్టర్ని సర్దారు. తిట్టుకుంటూ పెట్టిన అర్జీలకి అది జరగలేదు.

రిఫర్ చీటీ ఒక అచ్చు కాగితంగా మార్చమని కూడా అడగండి: బయల్దేరినప్పుడు బీపీ, ఇచ్చిన మందులు టైముతో, అవతలి వైపు ఫోనులో ఎవరితో మాట్లాడారో ఆ పేరు. ఫోను చెయ్యకుండా పంపడం ఆగాలి. మీ వదిన విషయంలో రెండో ఆసుపత్రి నుంచి మూడో దానికి ఎవరన్నా ఫోన్ చేశారేమో కనుక్కో. నాకు అనుమానమే. ఒడియాలో రాసిన చీటీ అవతల ఆంధ్రాలో చదవలేక పక్కన పెట్టడం కూడా చూశాను, కాబట్టి మందుల పేర్లు, అంకెలు ఇంగ్లిషులో స్పష్టంగా ఉండాలి. మీటింగుకి వెళ్లినప్పుడు ఎమర్జెన్సీ ట్రే చూపించమనండి. తాళం ఉందా, చిన్న మాస్కు ఉందా, కాన్పయ్యాక రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లో ఉందా, కరెంటు పోతే ఆ ఫ్రిజ్ సంగతేంటి. నేరస్తులను పట్టుకోవడానికి వచ్చినట్టు కాకుండా, ఇంట్లో మనుషుల్లా అడగండి. డ్యూటీలో ఉన్న అమ్మాయి మీకు తనే చెబుతుంది ఏం లేదో.

మీ వదిన బిడ్డ సంగతి. శిశు మరణాల మీద సమీక్ష చెయ్యాలని నియమం ఉంది, తల్లి మరణాలకి ఉన్నట్టే. ఎవరి మీదా నింద వెయ్యకుండా, ఎక్కడ ఆలస్యమైందో తెలుసుకోవడానికే అది. కానీ బిడ్డ వేరే రాష్ట్రంలో పోయాడు కాబట్టి మన జిల్లాకి ఆ కబురు రాకపోవచ్చు. మీ అన్న చేత జిల్లా ఆరోగ్యాధికారికి ఒక అర్జీ పెట్టించు, సమీక్ష చెయ్యమని. మూడు ఆసుపత్రుల్లోనూ కేసు షీటు కాపీ అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచి డాక్టర్ల నియమావళిలో ఉంది, లోపల చేరిన రోగుల రికార్డు మూడేళ్లు దాచాలని కూడా ఉంది. "ఇవ్వం" అంటే రాతపూర్వకంగా అడిగి, అర్జీ అందినట్టు సంతకం తీసుకోండి.

దానికంటే ముందు, ఈ రెండు మూడు రోజుల్లోనే, అన్నని కూర్చోబెట్టి ఆ రాత్రి టైములన్నీ ఒక కాగితం మీద రాయి. నొప్పులు ఎప్పుడొచ్చాయి, 108కి ఎన్నింటికి చేశారు, బండి ఎప్పుడొచ్చింది, మొదటి చోట డాక్టరు ఎన్నింటికి చూశాడు, పంపిస్తామని ఎప్పుడన్నారు, బయల్దేరింది ఎప్పుడు. ఫోన్లో కాల్ లిస్టు చూస్తే చాలా టైములు దొరుకుతాయి, చెరిగిపోకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టు. ఆ పట్టిక పేర్లు లేకుండా ఇక్కడ పెట్టు. ఏ గంట ఎక్కడ పోయిందో నేను నీతో కలిసి చూస్తాను. వదినకి పాలు కట్టుకుని నొప్పిగా ఉంటే చల్లటి గుడ్డ వెయ్యమను, జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా చూపించండి. ఆపరేషన్ కుట్టు ఎలా ఉందో కూడా రాయి.